తిప్పు

పొద్దుటి నుంచి ముసురు. ముందుగదిలో పరదా వేసి, బల్ల మీద ఫోను పెట్టుకుని తమ్ముడు దాన్నే చూస్తూ కూర్చున్నాడు. అతను కబురు చేస్తే అక్క లాండ్రీలో పని సగంలో వదిలేసి వచ్చింది. అమ్మ పోయి నెల కాలేదు. ఆమె మంచం, తలవైపు గోడకి ఆనించి, అలాగే ఉంది. గదిలో పౌడరు వాసన, స్పిరిటు వాసన, వాటి కింద ఎన్నిసార్లు కడిగినా పోని ఇంకో వాసన.

"ఇది చూడక్కా. ముట్టుకోకుండానే తిరుగుతోంది."

ఫోను బల్ల మీద కదలకుండా ఉంది. తెర మీద నిలువుగా ఉన్న బొమ్మ మాత్రం మెల్లగా అడ్డం తిరిగింది.

"తిరగకుండా సెట్టింగు కూడా మార్చేశాను. అయినా అటే తిరుగుతోంది."

అటు అంటే మంచం వైపు. ఎడమపక్కకి ఒత్తిగిలి పడుకున్న మనిషికి సరిగ్గా కనబడేలా.

అక్కకి భయం వేయలేదు, ఒళ్లు మండిపోయింది. పక్షవాతం వచ్చాక అమ్మకి మిగిలింది ఒక్కటే మాట... తిప్పు. తనంతట తాను పక్క మారలేని మనిషి. రాత్రి తిప్పే వంతు అక్కది, పగలు తమ్ముడిది. అయినా ఎడమ తుంటి మీద పుండు ఎముక దాకా పోయింది. చివరికి ఆ పుండే అమ్మని తీసుకుపోయింది.

"పగలంతా సినిమాల్లో మునిగి ఉంటివి. అమ్మ తిప్పు అంటే వినపడలేదట్రా?"

"వినపడింది." అతను తలెత్తలేదు. "తనకీ చూపించమంటోంది అనుకున్నా. ఫోను అటు తిప్పి పెట్టేవాణ్ణి."

"ఏడ్చేది కదరా."

"సినిమా చూసి ఏడుస్తోంది అనుకున్నా."

ఇలాంటివాణ్ణి తిట్టడానికి తిట్లు కూడా దండగ.

"పడుకో."

"ఎక్కడ?"

"అమ్మ పడుకున్నచోటే. ఎడమపక్కకి. నీకూ తెలియాలి."

చిన్నప్పటి నుంచీ ఆ గొంతుకి ఎదురు చెప్పి ఎరగడు. వెర్రినవ్వు నవ్వుతూ వెళ్లి ఒత్తిగిలాడు. ఆమె అతని వీపు వెనక నిలబడింది. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు.

"అక్కా... లేవలేకపోతున్నా."

"నటించకు."

"ఒట్టు. కాలూ చెయ్యీ..."

మాట ఆగిపోయింది. ఆ వాసన ఒక్కసారిగా గుప్పుమంది. పచ్చిగా. అప్పుడు అతని నోట్లోంచి ఒక ముసలి గొంతు వచ్చింది.

"తిప్పు..."

ఆమె కదల్లేదు. ఉండనీ. వాడి తుంటి మీదా పుండు పడనీ. ఎముక దాకా పోనీ. కోపంతో పళ్లు కరుచుకుని అలాగే నిలబడింది.

"తిప్పు..."

అతని కంట్లోంచి నీళ్లు జారి తలగడ తడిసింది. ఎంత వెధవైనా తోడబుట్టినవాడు. వంగింది. ఒక చెయ్యి భుజం కింద, ఒక చెయ్యి తుంటి కింద పెట్టి, అమ్మని తిప్పినట్టే తనవైపుకి తిప్పింది.

మరుక్షణం తమ్ముడు కాళ్లవైపు నుంచి దూకి, తలుపు తోసుకుని, చెప్పుల్లేకుండా వానలోకి పరిగెత్తాడు. వీధిలో అతని అడుగుల చప్పుడు దూరమైపోయింది.

బల్ల మీద తెర మెల్లగా రెండో వైపుకి తిరిగింది.

ఆమె ఖాళీ మంచం మీదికి ఇంకా వంగే ఉంది. చేతులు తీయలేకపోయింది. వాటి మీద బరువు అలాగే ఉంది.