ఉన్నమాట ఉన్నట్టుగా

తెల్లవారింది మొదలు అత్తగారి నోటికి తీరిక ఉండదు. ఆ రోజూ అంతే. కోడలు బకెట్టు పెట్టి పంపు తిప్పి, ఆ సంగతే మరిచిపోయింది. నీళ్లు పొర్లి వంటిల్లంతా మడుగయింది. పాపం, ఆ పిల్లకు చప్పుడు వినపడదు. పుట్టుకతోనే చెవుడు, మాట కూడా లేదు. కొడుకు బతికున్నన్నాళ్లూ ఒకరి మాట ఒకరికి అతనే అందించేవాడు. అతను పోయాక ఫోన్‌లో ఒక యాప్ పెట్టుకున్నారు. తెరమీద ఒకమ్మాయి కనిపించి, అత్తగారి మాటలు కోడలికి సైగల్లోనూ, కోడలి సైగలు అత్తగారికి మాటల్లోనూ చెబుతుంది.

అత్తగారు పప్పుల డబ్బాకు ఫోన్ ఆనించి ఎప్పటిలాగే దులిపేసింది.

"నా కొడుకే లేడు. ఇంకా నువ్వెందుకే ఈ ఇంట్లో, నా ప్రాణం తియ్యడానికా?"

ఎన్ని తిట్టినా కోడలు నవ్వి తలూపేది. దానికి చీమ కుట్టినట్టయినా ఉండదని అత్తగారు ఇరుగుపొరుగుతో చెప్పుకునేది. ఈసారి ఆ పిల్ల మొహం పాలిపోయింది. గదిలోకి వెళ్లి బట్టలు సర్దుకోసాగింది.

అత్తగారు గబగబా ఫోన్ అందుకుంది. దానికేం చెప్పావని ఫోన్‌లో అమ్మాయిని నిలదీసింది.

"మీరన్నదే చెప్పానమ్మా. ఎక్కడో నాలాంటి యాప్ ఒకటి డాక్టరు చెప్పింది మార్చి చెబితే ఒకరి ప్రాణం మీదికొచ్చిందట. అందుకే ఇప్పుడు మాకూ లైసెన్సులు పెట్టారు. ఈ రోజు నుంచి ఉన్నమాట ఉన్నట్టే చెప్పాలి."

"మరి ఇన్నాళ్లూ?"

ఆ అమ్మాయి తలదించుకుంది. ఇన్నాళ్లూ తిట్లన్నీ తను మింగేసి, అత్తయ్య నీకోసం బెంగపడుతోందనీ, తిన్నావా అని అడుగుతోందనీ చెప్పిందట.

అత్తగారికి అప్పుడర్థమైంది. అయితే కోడలు ఇంతకాలం ప్రేమగా చూసుకున్నది తనను కాదన్నమాట. ఆ మంచి మాటల్లో ఒక్కటైనా తన నోట రాలేదు. ముసలిదానికి ఏడుపు ముంచుకొచ్చింది.

సంచీతో గుమ్మం దాటబోతున్న కోడలి చెయ్యి పట్టుకుని, ఫోన్ ఎదురుగా పెట్టింది.

"ఈ ఫోన్‌లో పిల్ల ఇన్నాళ్లూ నా తిట్లు నీకు చెప్పకుండా దాచింది. తిట్టింది నేనే. వాడు పోయిన కోపం నీమీద తీర్చుకున్నాను. నువ్వు కూడా వెళ్లిపోతే, వాణ్ణి తలుచుకుని ఏడవడానికి నాకు తోడెవరే? ఉండిపోమ్మా."

తెరమీద చేతులు కదిలాయి. కోడలు నమ్మలేదు. ఫోన్ కేసి చూసి ఏదో అడిగింది.

"ఇవి మీ మాటలేనా, నేను కల్పించానా అంటోందమ్మా. అక్షరం కూడా మార్చలేదని చెప్పాను."

సంచీ జారి కింద పడింది. కోడలు అత్తగారిని వాటేసుకుని బావురుమంది. కొడుకు పోయిన రోజు తర్వాత అత్తగారు ఆ గొంతు వినడం మళ్లీ అప్పుడే.