నాగదుర్గ తోలిన పిట్ట

రత్తమ్మ బ్యాగులో పులిహోర డబ్బా పెట్టింది. నీళ్ళ సీసా, తువ్వాలు పెట్టింది. మళ్ళీ అన్నీ బయటికి తీసి, అడుగున జ్వరం బిళ్ళలు దోపి, మొదటి నుంచి సర్దింది.

"మధ్యాహ్నానికి వచ్చేస్తాం నాయనమ్మా. ఇన్నెందుకు?" అంది నాగదుర్గ.

"వెళ్ళేవాళ్ళందరూ అలాగే అంటారు. నీళ్ళ దగ్గరికి పోకు. ఆ కర్రెందుకే?"

"కుక్కలొస్తే?"

చివర ప్లాస్టిక్ కవర్లు కట్టిన కర్ర అది. పెరట్లో ఎండే చేపల మీద కాకి వాలకుండా కాయడం సెలవు రోజుల్లో నాగదుర్గ పని. రెక్క కనబడితే చాలు, చెయ్యి దానంతటదే లేస్తుంది.

స్కూలు వ్యాను అంతర్వేది ఒడ్డున ఆగింది. సముద్రం వెనక్కి తగ్గాక బయటపడ్డ బురదలో చిన్న చిన్న పిట్టలు గుంపుగా తింటున్నాయి. శ్రీసుధ టీచర్ టెలిస్కోప్‌లో చూసి ఊపిరి బిగబట్టారు.

"చెంచాముక్కు ఉల్లంకి పిట్ట. రష్యా నుంచి వచ్చింది. ప్రపంచం మొత్తం మీద కొన్ని వందలే మిగిలాయి. ఒక్కొక్కరే చూడండి, మెల్లగా."

ముందు మణిశంకర్ చూశాడు. "నిజంగానే ముక్కు చివర చెంచా ఉందండీ."

తర్వాత నాగదుర్గ వంతు. అంతలో గుంపు లేచి, ఇటు దగ్గరగా వచ్చి వాలబోయింది. నాగదుర్గ చెయ్యి లేచింది.

"హుష్."

కవర్లు పటపటలాడాయి. గుంపంతా పక్కనే సముద్రంలో కలిసే ఏరు దాటి వెళ్ళిపోయింది.

"కాకులు తోలేదాన్ని తీసుకొస్తే ఇంతే," అన్నాడు మణిశంకర్.

"తోలాను. అయితే ఏంటి? మళ్ళీ వస్తాయి."

టీచర్ కోప్పడలేదు. "పోటు వస్తే బురద మునిగిపోతుందమ్మా. ఈలోగానే తినాలి. తిరిగి అంత దూరం ఎగరాలి కదా."

నాగదుర్గ భుజాన బ్యాగు బరువుగా తగిలింది. ఆ పిట్టకి పులిహోర కట్టిచ్చేవాళ్ళు లేరు. దానికి ఉన్నదల్లా ఈ బురదే.

కాసేపటికి సగం గుంపు తిరిగి వచ్చి వాలింది. అప్పుడే ఇద్దరు కుర్రాళ్ళు ఇసకలో బైకుల మీద దూసుకొచ్చారు. టీచర్ కదిలేలోగా నాగదుర్గ పరుగెత్తి దారికి అడ్డంగా నిలబడింది.

"జరుగు పాపా."

"జరగను. అవి తింటున్నాయి."

"బీచ్ నీదా?"

"కాదండి. మీదీ కాదు."

హారన్ కొట్టబోయాడు ఒకడు. "హారనొద్దు. లేచిపోతాయి," అంది నాగదుర్గ.

మణిశంకర్ వచ్చి పక్కన నిలబడ్డాడు. "కర్ర ఊపకే," అన్నాడు గొణుగుతూ. అతను చెప్పకముందే కవర్లన్నీ ఆమె గుప్పిట్లో ఉన్నాయి. ఒక్కటీ చప్పుడు చెయ్యలేదు.

బైకులు వెనక్కి తిరిగాయి.

పోటు వచ్చేదాకా పిట్టలు తిన్నాయి. అప్పటిదాకా నాగదుర్గ అక్కడి నుంచి కదల్లేదు.

చెంచాముక్కు పిట్ట మాత్రం ఆ రోజు తిరిగి రాలేదు. వలసపిట్టలు తిరిగిపోయే శివరాత్రి దాకా నాగదుర్గ ప్రతి ఆదివారం వెళ్ళి చూసింది. రాలేదు.