మేడ మీద నర్సు

ఇంటావిడకు జ్వరం తగిలి మూడో రోజు. కొడుకు పళ్లెం గుమ్మంలో పెట్టి, బయటినుంచి గొళ్లెం బిగించి, వెనక్కి చూడకుండా వెళ్లిపోతున్నాడు. వాణ్ణి తప్పు పట్టడానికి ఆవిడకు నోరు రావడం లేదు.

పోయిన నెలదాకా మేడ మీద గదిలో ఓ నర్సు అద్దెకుండేది. రంగు వేరు, కళ్ల తీరు వేరు. ఊళ్లో ఈ అంటురోగం మొదలవగానే వీధంతా ఒకటే గుసగుసలు... "ఆ మొహాలవాళ్లే తెచ్చారు దీన్ని" అని. ఇంటావిడా వంత పాడింది. ఒక మధ్యాహ్నం ఆ పిల్ల డ్యూటీ నుంచి జ్వరంతో వచ్చేసరికి మెట్ల గేటుకు తాళం వేసేసింది.

"ఆంటీ... నా గదికే కదా వెళ్తాను. పోనీ, కాసిని నీళ్లివ్వండి."

ఇంటావిడ కిటికీ రెక్క మూసి, టీవీ సౌండు పెంచింది. చీకటిపడేదాకా ఆ పిల్ల గేటు ముందు మెట్టు మీదే ఒరిగి ఉంది. అంబులెన్సు వెళ్లాక ఇంటావిడ చేసిన మొదటి పని, ఆ మెట్టును ఫినాయిల్‌తో కడగడం. నాలుగో రోజు కబురొచ్చింది... పోయిందని.

ఇప్పుడు మిట్టమధ్యాహ్నం. కరెంటు పోయింది. గదిలో చెమట వాసన, మాసిన దుప్పటి వాసన. వాటి మధ్యలోంచి సన్నగా... ఫినాయిల్.

ఇంటావిడ కళ్లు తెరవలేదు. రబ్బరు చెప్పులు మంచం చుట్టూ మెల్లగా తిరిగాయి. ఆగాయి. నుదుటి మీద తడిగుడ్డ పడింది. చల్లగా... మరీ చల్లగా.

"నీళ్లు తాగండి, ఆంటీ."

అదే గొంతు. అదే యాస. కోపం మాత్రం లేదు. తిట్టినా బాగుండేది. పీక పట్టుకున్నా బాగుండేది.

"నన్ను ముట్టుకోకమ్మా," గొణిగింది ఇంటావిడ. "తాళం వేసింది నేనే."

"తెలుసు... తాగండి."

గ్లాసు అంచు పెదాలకు తగిలింది. సిగ్గుతో చచ్చిపోతూనే గటగటా తాగేసింది. తాగి, వెక్కివెక్కి ఏడ్చింది.

సాయంత్రం కొడుకు గొళ్లెం తీశాడు. "జ్వరం దిగినట్టుందే! అమ్మా, ఈ చీటీ నువ్వే రాశావా?"

దిండు పక్కన కాగితం. రెండు గంటలకోసారి జ్వరమెంతో, నాడి ఎంతో, ముత్యాల్లాంటి అక్షరాల్లో. చదువుతూ చదువుతూ వాడు ఆగిపోయాడు.

"ఇదేంటమ్మా... రేపటివి కూడా రాసున్నాయి?"

ఇంటావిడ కాగితం లాక్కుంది. రేపు ఉదయం ఆరు. ఎనిమిది. పది. పన్నెండు... మధ్యాహ్నం రెండు.

ఆ తర్వాత గళ్లు గీసే ఉన్నాయి. అంకెలు లేవు.