ఒక్క ఏడాది తేడా

దొంగతనం జరిగింది. పోయింది ఒక అంకె.

అనకాపల్లి పాత రైల్వే స్టేషన్‌ను బాగుచేసి, కొన్నేళ్లు లీజుకు నడుపుకునే కంపెనీని ఎంచుకోవాలి. ఎవరు తక్కువ ఏళ్లు అడిగితే వాళ్లకే స్టేషన్.

మొదటి కంపెనీ సీల్డ్ కవర్లో ముప్పై ఏడేళ్లు అని రాసింది. మూసిన గదిలో ఆ కవర్ చూసింది ఇద్దరే. కమిటీ ఛైర్మన్ దేవీప్రసాద్, క్లర్కు కృపాజ్యోతి. ఫోన్లు బయటే పెట్టించారు.

ఆ తర్వాత ప్లాట్‌ఫారం మీద, జనం ముందు, రెండో కంపెనీ ఓనర్ ధనరాజ్ తన అంకె చెప్పడానికి మైకు అందుకున్నాడు.

"ముప్పై ఆరు!"

మొదటి కవర్లోని ముప్పై ఏడు చదివి వినిపించగానే జనం భగ్గుమన్నారు. బెల్లం వర్తకుడు బంగారయ్య కృపాజ్యోతి కాళ్ల ముందు కాండ్రించి ఉమ్మాడు.

"థూ! ఎంతకమ్మేసేవు?"

దేవీప్రసాద్ ఆమెను అక్కడికక్కడే సస్పెండ్ చేశాడు. ఆమె ఇల్లు గడిచేది ఆ జీతం మీదే.

విజిలెన్స్ ఇన్‌స్పెక్టర్ బిందుమాధవి వచ్చి అందరినీ వెయిటింగ్ హాల్లో కూర్చోబెట్టింది.

"బయటికొచ్చేక ఎవరితో మాటాడేవమ్మా?"

"ఎవరితోనూ లేదు మేడమ్. సన్మానం దగ్గర పళ్లెం పట్టుకుని నించున్నాను."

"ఎవరికి సన్మానం?"

"ఛైర్మన్ గారికి. ధనరాజ్ గారు సాలువా కప్పేరు."

దేవీప్రసాద్ విసుక్కున్నాడు. "అందరూ సూత్తుండగానే కదండీ! వీడియో ఉంది. ఒక్క మాట ఆడితే సూపించండి."

చూసింది. నిజమే. ఇద్దరి పెదాలూ కదల్లేదు.

మళ్లీ చూసింది. ఈసారి మొహాలు కాదు. చేతులు.

"ఆ సాలువా తెండి. ధనరాజ్ గారూ, ఎప్పుడైనా ఎడ్ల సంతకెళ్లేరా?"

"నేనా? పేడ కంపు పడదండి నాకు."

"చెయ్యిలా ఇవ్వండి."

అతని చేతి మీద శాలువా కప్పింది. కింద మూడు వేళ్లు పట్టి నొక్కింది. వదిలింది. ఐదు వేళ్లూ కలిపి నొక్కి, మళ్లీ రెండు.

"ముప్పై ఏడు వాళ్లదండీ, నాది..."

ధనరాజ్ నాలుక కరుచుకున్నాడు.

"మా తాత ఎడ్ల బేరగాడు," అంది బిందుమాధవి. "సంతలో ధర నోటితో సెప్పరు. కండువా కింద వేళ్లు పడతారు, పక్కోడికి తెలీకుండా. సాలువా కప్పితే ఎవరైనా జనానికి దణ్ణం పెడతారు. ఛైర్మన్ గారు పెట్టలేదు. చేతులు రెండూ లోపలే ఉన్నాయి, ధనరాజ్ గారి చెయ్యితో పాటు."

దేవీప్రసాద్ ధనరాజ్ వైపు వేలు చూపించాడు. "ఆడే పట్టుకున్నాడండి నా సెయ్యి..."

"ఛీ! మా సప్పట్ల మధ్యలోనే అమ్మేసేర్రా!" బంగారయ్య అరిచాడు.

కానిస్టేబుళ్లు ఇద్దరినీ జీపెక్కించారు. బిందుమాధవి కుళాయి దగ్గరికెళ్లి చేతులు కడుక్కుంది. సరిపోలేదు. సబ్బు తెప్పించుకుని మళ్లీ కడుక్కుంది.

బంగారయ్య భుజం మీది కండువా తీసి కృపాజ్యోతి దగ్గరికొచ్చాడు. "తప్పయిపోనాదమ్మా. ఇది కప్పి నీకు సన్మానం సేత్తాను."

ఆమె వెనక్కి జరిగింది.

"నాకొద్దు బాబాయ్. ప్లాట్‌ఫారం మీద మీరు ఉమ్మింది ఇంకా అలాగే ఉంది. ఆ కండువాతో అది తుడవండి."