అత్తగారి వంతు

ఆ ఇంట్లో తెల్లవారిందనడానికి గుర్తు బాత్రూమ్ తలుపు మీద పడే దబదబ దెబ్బలు. ఉన్నది ఒక్కటే బాత్రూమ్, మనుషులు నలుగురు. లోపల ఇంటాయన, లిఫ్టు మెకానిక్కు, పాట పాడుకుంటూ తీరిగ్గా గడ్డం గీసుకుంటున్నాడు. బయట అతని భార్య తువ్వాలు భుజాన వేసుకుని కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. ఆమెకు కళ్లజోళ్ల దుకాణంలో ఉద్యోగం. ఆలస్యమైతే యజమాని ఏమీ అనడు, గోడ గడియారం వైపు ఓ చూపు చూస్తాడు. ఆ చూపు కంటే తిట్టినా నయమే.

"ఏవండీ, లోపలే కాపురం పెట్టేశారా?"

"వచ్చేశా, వచ్చేశా."

అతనలా రాగానే పాప దూరిపోయింది. బడి బస్సు ఎవరి కోసమూ ఆగదు మరి. గోడవార కుర్చీలో కూర్చున్న అత్తగారు మాత్రం, "ముందు మీరు కానివ్వండి, నాకేం తొందర" అంది. రోజూ అనే మాటే.

ఈమధ్య కోడలికి ఆ మాట కూడా గుచ్చుకుంటోంది. ఆదివారం అత్తగారు కూతురింటికి వెళ్లిపోతోంది. చుట్టపుచూపుగా కాదు, ఉండిపోవడానికే. ఎందుకని అడిగితే "ఊరికే" అంటుంది. సంచి సర్దేసి మంచం కింద పెట్టింది కూడా. కొన్నాళ్లుగా తిండి సరిగ్గా తినడం లేదు, పెట్టింది పెట్టినట్టే పక్కకు జరుపుతోంది. తన వంట నచ్చక, తన మొహం చూడలేకే పోతోందని కోడలు తేల్చేసుకుంది. తల్లి లేకుండా పెరిగిన పిల్ల. పెళ్లయిన కొత్తలో కూర్చోబెట్టి జడ వేసిన ఆ చేతులు ఇప్పుడెందుకు దూరమవుతున్నాయో తెలియక లోలోపలే కుమిలిపోతోంది.

ఆ రోజూ పళ్లెం పక్కకు జరిగింది.

"నేను చేసింది గొంతు దిగడం లేదా అత్తయ్యా?"

"అది కాదమ్మాయ్."

"మరేంటి? అడిగితే చెప్పరు, పెడితే తినరు. ఆదివారం దాకా ఎందుకు, ఇవాళే వెళ్లిపోండి."

నోరు జారింది. వెనక్కి తీసుకునేలోపే, లేవబోయిన అత్తగారు కళ్లు తిరిగి గోడ పట్టుకుని కూలబడింది. నడుం దగ్గర దోపుకున్న మాత్రల అట్ట జారి నేల మీద పడింది.

కోడలికి పై ప్రాణాలు పైనే పోయాయి. అట్ట తీసి తిప్పి చదివింది. మలబద్ధకానికి వేసుకునే విరేచనం మాత్రలు. ఒక్కటే మిగిలింది.

"ఎన్నాళ్ల నుంచి ఇవి?"

"నెల దాటిందేమో. మొదట్లో రాత్రి ఒకటి వేసుకుంటే పొద్దున్నే పనైపోయేది. తర్వాత ఒకటి చాలక రెండు, ఇప్పుడు మూడు. నిన్నంతా నీళ్లలా పోయింది. ఎలా చెప్పను నీకు, సిగ్గుగా ఉండదూ?"

మెకానిక్కు తల గోక్కున్నాడు. "నేనే తెచ్చిస్తున్నా. గ్యాసుకనుకున్నా."

"బాగుంది. లిఫ్టులో నట్టు వదులైతే దాని జాతకమంతా చూస్తారు. అమ్మ నోట్లోకి ఏం పోతోందో చూడరు."

దుకాణానికి రానని ఫోన్ చేసి, అత్తగారిని ఆస్పత్రికి తీసుకెళ్లింది. డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసింది, రక్తం పరీక్షకు పంపింది, లవణాలు కలిపిన నీళ్లు తాగించింది.

"మాత్రలు చెడ్డవేం కావు పెద్దమ్మా. ఇబ్బందైనప్పుడు అట్ట మీద రాసినంతే వేసుకుని, కొద్దిరోజుల్లో ఆపేయాలి. వారం దాటినా కుదురుకోకపోతే మా దగ్గరికి రావాలి. పనిచేయడం లేదని మీరే పెంచుకుంటూ పోతే ఒంట్లో నీళ్లూ లవణాలూ పోయి ఇలాగే పడిపోతారు. కడుపులో బాగా నొప్పి వచ్చినా, వాంతులైనా, రక్తం కనిపించినా అసలు మాత్ర జోలికే పోకుండా రావాలి. నీళ్లు తాగుతున్నారా?"

"తాగితే మాటిమాటికీ వెళ్లాలి కదమ్మా."

"పొద్దున్న ఎప్పుడు వెళ్తారు?"

అత్తగారు కోడలి వైపు చూసి నసిగింది. "లేవగానే వస్తుంది. అప్పుడు ఖాళీ ఉండదు, బిగబట్టుకుంటాను. అందరూ వెళ్లాక కూర్చుంటే ఇక రాదు."

"మీకిది అక్కడే మొదలైంది. వచ్చినప్పుడల్లా ఆపుకుంటే కొన్నాళ్లకు రావడమే తగ్గిపోతుంది."

కోడలికి నెత్తిన చన్నీళ్లు కుమ్మరించినట్టయింది. రోజూ ఆ తలుపు బాదింది తనే. ఆ కుర్చీ వైపు ఒక్కనాడూ తిరిగి చూడలేదు.

వరండాలోకి వచ్చాక నెమ్మదిగా అడిగింది. "మరి తిండెందుకు మానేశారు?"

"తింటే పొట్ట రాయిలా అవుతోందని భయం. నీ వంటకేమమ్మా."

"వదిన వాళ్లింటికి?"

అత్తగారు తల దించుకుంది. "అక్కడ రెండు బాత్రూములున్నాయి."

కోడలికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. అత్తగారి చేతులు పట్టుకుని, జనం చూస్తున్నారని కూడా లేకుండా వెక్కివెక్కి ఏడ్చింది. "పొమ్మన్నాను కదా అత్తయ్యా."

"కోపంలో అన్నావు. నేనూ నోరు విప్పాల్సింది." అత్తగారు కొంగుతో కోడలి మొహం తుడిచింది. ఆ సాయంత్రం సంచిలోని బట్టలు మళ్లీ బీరువాలోకి చేరాయి.

మర్నాడు మెకానిక్కు తువ్వాలుతో వచ్చేసరికి బాత్రూమ్ తలుపుకు అడ్డంగా భార్య నిలబడి ఉంది.

"లోపల అత్తయ్య ఉన్నారు. కూర్చోండి."

"నాకు ఆలస్యమవుతుందే."

"అవనివ్వండి. రేపటి నుంచి గడ్డం వంటింటి సింకు దగ్గర."

పాప కిసుక్కున నవ్వింది. లోపలి నుంచి బెరుగ్గా గొంతు వినిపించింది. "అమ్మాయ్, నువ్వు దుకాణానికి వెళ్లాలేమో. వచ్చేయనా?"

కోడలు తలుపుకు వీపు ఆనించింది.

"మీరు కానివ్వండి అత్తయ్యా, నాకేం తొందర."

లోపల ముక్కు చీదుకున్న శబ్దం వినిపించింది.