చప్పుడు చేసే పెట్టె

మంగళవారం మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు, కంప్యూటర్ల దుకాణంలో, తల్లి కౌంటరు మీదున్న కొత్త పెట్టెను రెండు చేతులతో వెనక్కి నెట్టి "ఇది వద్దు" అంది.

దుకాణదారు తల్లీకూతుళ్లిద్దరి వంకా చూశాడు. గంటసేపటి నుంచి కూతురికి కంప్యూటర్లు చూపిస్తున్నాడు. కూతురు చిన్నపిల్లల కోసం కథలు రాసి, వాటికి పాటలు కట్టి, ఇంట్లోనే పాడి రికార్డు చేసి రేడియోకి పంపుతుంది. కావలసినవన్నీ కాగితం మీద రాసి తెచ్చుకుంది. మొదటి వరుసలో ఉన్న మాట: చప్పుడు అసలు ఉండకూడదు.

"అమ్మగారూ, ఇందులో ఫ్యానే లేదు. ఆన్ చేసినా పక్కనున్నవాళ్లకి తెలీదు" అన్నాడు దుకాణదారు.

"అదే వద్దంటున్నాను బాబూ! చప్పుడు చేసేది చూపించు."

"చప్పుడు చేసేదా? ఇరవై ఏళ్లుగా ఈ వ్యాపారంలో ఉన్నాను. అలా అడిగినవాళ్లు మీరే మొదలు!"

కూతురు కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. "పద అమ్మా. నలుగురిలో నా పరువు తియ్యకు" అంది.

ఆ కాగితం తల్లి కంటపడి అప్పటికి వారమైంది. ఆ రోజు నుంచీ ఆమె ఒక్కొక్కటే కనిపెడుతూ వచ్చింది. బుధవారం వడ్రంగి వచ్చి కూతురి గది తలుపు చుట్టూ రబ్బరు పట్టీ కొట్టి వెళ్లాడు. శుక్రవారం గోడలకు మందపాటి స్పాంజి పలకలు వచ్చాయి. ఆదివారం, పాత కంప్యూటర్ ఎదురింటి టీచరుకి ఇచ్చేద్దామంది కూతురు. ఇచ్చేద్దాం... ఆ మాట తల్లి ఇంతకు ముందూ విన్నదే! రెండేళ్ల కిందట, ఉద్యోగం పోయి, అదే ఏడాది విడాకులు కూడా అయినప్పుడు, కూతురు ఒక వారమంతా బట్టలూ పుస్తకాలూ ఇలాగే పంచిపెట్టింది. ఆ వారం చివర గది తలుపు పగలగొట్టాల్సి వచ్చింది. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. ఇంటికి వచ్చాక ఇద్దరూ దాని ఊసెత్తలేదు.

ఊసెత్తని తల్లి వినడం నేర్చుకుంది. పాత కంప్యూటర్ ఫ్యాన్ పిండిమరలా మోగుతుంది. పది నిమిషాలు ఎవరూ ముట్టుకోకపోతే అది నిద్రపోతుంది, మోత ఆగుతుంది. అంటే మోత వినిపిస్తున్నంతసేపూ లోపల కూతురి చేతులు ఆడుతున్నట్టే. ఆగిందంటే తల్లి వంటింట్లోంచి లేచి వెళ్లి తలుపు తట్టేది. "నా కళ్లజోడు నీ గదిలో ఉందేమో చూడవే..." కళ్లజోడు ఆమె నెత్తి మీదే ఉండేది.

ఇంటికి రాగానే, చెప్పులైనా విప్పకుండా కూతురు నిలదీసింది.

"ఎందుకమ్మా నా మీద ఇంత అనుమానం? గంటకోసారి తలుపు కొడతావు. కళ్లజోడంటావు, కత్తెరంటావు... నిన్న గరిటె అడిగావు! నా గదిలో గరిటె! వెనక ఏదో మర తిరుగుతోందని రేడియోవాళ్లు మూడుసార్లు పాట తిప్పి పంపారు. ఇంకోసారైతే ఈ పని కూడా ఉండదు. నన్ను బతకనివ్వవా?"

"బతకమనే కదే నా ఏడుపంతా!"

అనేశాక ఆ మాట వెనక్కి తీసుకోవడానికి లేదు. తల్లి గోడకి చేరగిలబడి అలాగే నేల మీదికి జారింది.

"నా దగ్గర ఏం దాస్తున్నావో చెప్పు పిచ్చుకా..." చిన్నప్పుడు క్షణం నోరు మూయని పిల్ల కాబట్టి ఆ ముద్దుపేరు. "తలుపుకి రబ్బరు, గోడలకి స్పాంజి, ఉలుకూ పలుకూ లేని కంప్యూటరు. పాతది ఇచ్చేద్దామంటున్నావు. అప్పుడూ ఇలాగే ఇచ్చావు కదే! ఆ మోత వింటుంటేనే నాకు ముద్ద దిగుతుంది. నువ్వు లోపల ఉన్నావని... ఉన్నావని నాకెలా తెలియాలి తల్లీ?"

కూతురు చెప్పులు విప్పి, తల్లి పక్కన కూర్చుంది.

"రెండేళ్ల నుంచీ వింటూనే ఉన్నావా?"

"ఊఁ."

"ఆ పాడు ఫ్యాన్‌నా?"

"నువ్వు బాగుచేయించమన్నప్పుడు మెకానిక్ ఊళ్లో లేడన్నాను చూడు... ఉన్నాడు. నేనే పిలవలేదు."

కూతురు నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైంది. "అలాంటిదేం లేదమ్మా! అదంతా పాట కోసమే. ఒట్టు!"

"ఒట్టు అప్పుడూ వేశావు" అంది తల్లి.

కూతురు సంచిలోంచి కాగితం తీసి మొదటి వరుస కొట్టేసింది.

మర్నాడు పదకొండు గంటలకు ఇద్దరూ మళ్లీ దుకాణం మెట్లెక్కారు.

"ఫ్యాన్ ఉన్నదే ఇవ్వండి. బాగా మోగేది" అంది కూతురు. "తెరకీ, కీబోర్డుకీ, మైకుకీ పొడుగు తీగలు కావాలి. ఐదేసి మీటర్లు."

"ఇంతకీ పెట్టె ఎక్కడ పెడతారు?"

"వంటింట్లో."

"అమ్మగారు వండేస్తారా ఏంటి!" అన్నాడు దుకాణదారు. ఎవరూ నవ్వకపోయేసరికి గొంతు సవరించుకున్నాడు. "స్టూడియోల్లోనూ అంతేలెండి. పెట్టె పక్క గదిలో ఉంటుంది, మోత మైకులో పడదు."

ఆయన తీగలు చుట్టి కడుతుంటే కూతురు ఇంకోమాట చెప్పింది. "పది నిమిషాలు ముట్టుకోకపోతే నిద్రపోతుంది కదా, దాన్ని ఐదు చెయ్యండి."

తల్లి ఆమె వంక చూసింది. కూతురు తీగలు లెక్కపెడుతోంది.

గురువారం వడ్రంగి వచ్చి, వంటింటికీ గదికీ మధ్య గోడకు బొటనవేలు పట్టేంత కన్నం పెట్టాడు. వెళ్లేటప్పుడు కూతురి గది తలుపు లోపలి గడియ విప్పి పట్టుకెళ్లాడు. విప్పమన్నది కూతురే.

పెట్టెను వంటింటి బల్ల కింద పీట మీద పెట్టారు. నాలుగూ ఇరవైకి ఫ్యాన్ తిరగడం మొదలైంది. కూతురు లోపలికి వెళ్లి తలుపు మూసుకుంది. తల్లి బల్ల దగ్గర కూర్చుని ఉల్లిపాయలు తరిగింది.

ఐదున్నరకు మోత ఆగింది. తల్లి కత్తి కింద పెట్టి లేచింది. నాలుగడుగులు వేసింది. తలుపు తట్టడానికి చెయ్యి ఎత్తింది.

వెనక, బల్ల కింద, ఫ్యాన్ మళ్లీ మోగింది.

తల్లి తిరిగి వచ్చి కూర్చుంది. ఆరు గంటలకు అది తిరుగుతూనే ఉంది.